పాచికలు పక్కనపెట్టి చట్టం ఆడిద్దాం

సాంఘికశాస్త్రం పుస్తకంలో చట్టాల పాఠం పక్కన ఒక బొమ్మ ఉంటుంది. ఎడమ చివర బిల్లు, అక్కడినుంచి ఒక బాణం, మొదటి పఠనం, మళ్ళీ బాణం, రెండో పఠనం, కమిటీ, మూడో పఠనం, రెండో సభ, కుడి చివర రాష్ట్రపతి సంతకం. పిల్లలు ఆ బాణాలు బట్టీపట్టి నాలుగు మార్కులు తెచ్చుకుంటారు, పరీక్ష హాలు గుమ్మం దాటగానే మర్చిపోతారు. దీన్ని బాగుచేద్దామని ఈమధ్య కొందరు మాస్టార్లు ఆ బొమ్మనే అట్ట మీద గీసి, పావులిచ్చి, పాచిక చేతిలో పెడుతున్నారు. ఒడిశా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడిలో చూశాను, మహేంద్రతనయ నది దాటి ఆంధ్రాలోని పాతపట్నం వైపు వెళ్తే అక్కడా చూశాను. ఉద్దేశం మంచిదే. కానీ అవన్నీ వేషం మార్చిన వైకుంఠపాళీలు. ఆరు పడితే బిల్లు నిచ్చెనెక్కి రెండో సభకు పోతుంది. రెండు పడితే కమిటీ అనే పాము నోట్లో పడి మొదటికొస్తుంది.

నా అభ్యంతరం ఆట మీద కాదు, పాచిక మీద. పాచికతో ఆడిన పిల్లవాడికి ఒక్కటే అర్థమవుతుంది: రాసిపెట్టి ఉంటే చట్టం వస్తుంది, లేకపోతే రాదు. పెద్దవాళ్ళం ఇప్పటికే అలా అనుకునే బతుకుతున్నాం. పటం గీసి మరీ ఆ జబ్బు పిల్లలకు అంటించక్కర్లేదు.

పైగా ఆ పాము సంగతి. కమిటీ దగ్గరే కదా బిల్లులో మాటలు సరిచేసేది! అధికారులను పిలిచి అడుగుతారు, బయటివాళ్ళ అభిప్రాయాలు తీసుకుంటారు, "చేయవచ్చు" అనాలా "చేసి తీరాలి" అనాలా అని గంటలకొద్దీ కొట్టుకుంటారు. చట్టసభల పనితీరును లెక్కగట్టే పీఆర్‌ఎస్ సంస్థ ప్రకారం 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీలకు వెళ్ళాయి. 17వ లోక్‌సభలో వెళ్ళినవి 16 శాతం. ఈ అంకె చూసి ఇదేంటని అడగాల్సిన పిల్లవాడు, ఆ పటం మీద మాత్రం కమిటీ గడి తప్పించుకున్నందుకు చప్పట్లు కొడతాడు.

యువ పార్లమెంటు పోటీల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. 1966-67లో ఢిల్లీ స్కూళ్ళలో మొదలయ్యాయి, ఇప్పుడు దేశమంతా ఉన్నాయి. ఇస్త్రీ బట్టలు, స్పీకరు కుర్చీ, ప్రతిపక్షం కేకలు, అన్నీ ఉంటాయి. కానీ ప్రశ్న రాసేదీ జవాబు రాసేదీ ఒకే మాస్టారు. ఓటింగు ఫలితం రిహార్సల్ రోజే తెలిసిపోతుంది. గొంతు బాగున్న పిల్లలకు మంచి అవకాశమే, కాదనను. చట్టం గురించి మాత్రం ఏమీ తెలియదు.

నేను సాయంత్రాలు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ట్యూషన్ చెప్తాను. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఒడియా మాట్లాడేవాళ్ళే ఎక్కువ. గుమ్మ బ్లాకు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర గిరిజన పిల్లలు కూడా ఉన్నారు. శనివారాలు మేం ఆడే ఆటకు సామాను పెద్దగా అక్కర్లేదు. పాత పెళ్ళికార్డుల వెనకవైపు, ఒక పెన్ను, గుప్పెడు చింతపిక్కలు చాలు. తొమ్మిది మంది సభ్యులు. ఒక్కొక్కరి ముందు మూడు కార్డులు బోర్లా పెట్టి ఉంటాయి, అవి వాళ్ళ ఓటర్లు. మైకుసెట్లు అద్దెకిచ్చే ఆసామి, పదో తరగతి పరీక్ష రాసే పిల్ల, గుడి కమిటీ పెద్ద, పాస్టరుగారు, పసిబిడ్డ తల్లి, రాత్రి డ్యూటీ చేసి వచ్చే నర్సు, కల్యాణమండపం ఓనరు, ఇలా. ఎవరి ఓటర్లు వాళ్ళకే తెలుసు. బిల్లు ఒకే ఒక్క వాక్యం. వంతు వచ్చినవాళ్ళు అందులో ఒక మాట చేర్చమనొచ్చు, ఒక మాట కొట్టెయ్యమనొచ్చు, లేదా ఊరుకోవచ్చు. ఓటింగప్పుడు పిడికిలి ముందుకు చాపుతారు. తెరిస్తే చింతపిక్క ఉందంటే ఒప్పుకున్నట్టు, ఖాళీ అయితే కాదన్నట్టు.

మొన్న దసరా ముందు పెట్టిన బిల్లు ఇది: "రాత్రి పది దాటాక ఎవరూ మైకు పెట్టకూడదు."

మొదటి అయిదు నిమిషాలు అందరూ అనుకూలమే. పరీక్షల టెన్షన్ ఉన్న పిల్లలు కదా. తర్వాత గుడి కమిటీ పెద్ద కార్డు ఉన్న కుర్రాడు "పండగలకు తప్ప" అని చేర్చమన్నాడు. ఏ పండగలకు అని ఎదుటివాడు అడిగాడు. రథయాత్ర, దసరా. మరి వినాయక చవితో? సరే. క్రిస్మస్? మా జిల్లాలో అది చిన్న పండగేమీ కాదు, పాస్టరుగారి కార్డు ఉన్న అమ్మాయి ఊరుకుంటుందా! పుట్టినరోజు కూడా పండగే అని ఇంకొకడు. కార్డు అంచు దాకా పండగల పేర్లు నిండిపోయాయి, రాయడానికి చోటు లేదు. కాసేపు గొడవపడి, చివరికి ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఆ పేర్లన్నీ కొట్టేసి "కలెక్టరు చెప్పిన పండగలకు తప్ప" అని రాయమంది. ఒక్కసారిగా అందరి మొహాలూ తేటపడ్డాయి. తొమ్మిది పిడికిళ్ళలో ఏడింట్లో చింతపిక్కలున్నాయి.

అక్కడితో ఆట అయిపోతే అది ఉత్త వ్యాసరచన పోటీ. అసలు ఆట అమలు దగ్గర మొదలవుతుంది. అమలు కార్డులు ఒక్కొక్కటీ తీసి చదువుతాను. పదకొండు గంటలకు బ్యాండుమేళంతో పెళ్ళి ఊరేగింపు వచ్చింది, బ్యాండు మైకేనా? అంబులెన్సు సైరను మోగింది, "ఎవరూ" అంటే వాళ్ళు కూడానా? మైకు నది అవతలి గట్టున ఆంధ్రాలో ఉంది, నిద్ర మాత్రం ఇవతల చెడింది, ఏ పోలీసుకు ఫోన్ చెయ్యాలి? కలెక్టరు ఏడాదిలో ఎనభై రోజులు పండగలని చెప్పేశాడు, ఇప్పుడేం చేస్తారు? ఈ చివరి కార్డుకు పిల్లలు నిజంగానే ఉలిక్కిపడ్డారు. కలెక్టరును నమ్మి ఖాళీ చెక్కు ఇచ్చామని అప్పుడు తెలిసింది. ఎన్ని రోజులో మనమే రాయాలని మళ్ళీ పెన్ను తీశారు.

అప్పుడు అసలు నిబంధన చదివి వినిపించాను. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లో రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు నిషేధం. 2002లో దాన్ని సవరించి, సాంస్కృతిక, మతపరమైన పండగలకు రాత్రి పది నుంచి పన్నెండు దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చన్నారు. కానీ ఏడాది మొత్తం మీద 15 రోజులకు మించకూడదు. పిల్లలు ఒక మధ్యాహ్నంలో తిరిగిన మలుపులే అవి. ఇంకో సంగతి, అది పార్లమెంటు ఓటేసి చేసిన చట్టం కూడా కాదు. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం ఇచ్చిన అధికారంతో కేంద్ర ప్రభుత్వం పెట్టిన నియమం. మన రోజువారీ బతుకును నడిపేవి చాలావరకు ఇలాంటివే. పాఠంలోని బాణాల బొమ్మలో వీటికి చోటే లేదు. ఎనిమిదో తరగతి పిల్ల కలెక్టరు పేరు ఎత్తినప్పుడు చేసిన పని సరిగ్గా అదే, దానికి పెద్ద పేరొకటి ఉందని మాత్రం తర్వాత ఎప్పుడో చదువుకుంటుంది.

చట్టాల తయారీని ఆటగా నేర్పడం కొత్తేమీ కాదు. 1960ల్లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్మన్ హైస్కూలు పిల్లల కోసం "డెమోక్రసీ" అనే ఆట తయారుచేశాడు. ప్రతి పిల్లవాడూ ఒక శాసనసభ్యుడు. ఏ బిల్లుకు తన నియోజకవర్గంలో ఎంతమంది అనుకూలమో, ఎంతమంది వ్యతిరేకమో కార్డులు చెప్తాయి. నాకు పట్టింపులేని బిల్లుకు నీకు ఓటేస్తా, నా బిల్లుకు నువ్వెయ్యి అని బేరాలు సాగుతాయి. తన ఓటర్లను మెప్పించినవాడు మళ్ళీ గెలుస్తాడు. మా ఆటలో ఓటర్ల కార్డుల ఆలోచన దానికి దగ్గరే. కానీ దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి మన పిల్లలతో ఆడిస్తే మన దేశంలో లేని శాసనసభను చూపించినట్టే.

ఎందుకంటే మనకు విప్ ఉంది, అంటే ఇలాగే ఓటెయ్యాలనే పార్టీ ఆదేశం. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేరాక, పార్టీ ఆదేశాన్ని కాదని ఓటేసినా, ఓటెయ్యకుండా ఊరుకున్నా, పార్టీ క్షమించకపోతే సభ్యత్వం పోతుంది. అందుకని మా ఆటలో అయిదుగురు అధికారపక్షం, నలుగురు ప్రతిపక్షం. అధికారపక్షం నాయకుడి చేతిలో ఒక ఎర్ర చీటీ ఉంటుంది. ఆ చీటీ బల్ల మీద పడిందంటే వాళ్ళ పిడికిళ్ళన్నీ ఒకేలా తెరుచుకోవాలి.

ఒకసారి ముగ్గురు ఓటర్లూ బిల్లుకు వ్యతిరేకంగా ఉన్న అమ్మాయి ముందు ఆ చీటీ పడింది. చీటీ వంక, తన కార్డుల వంక చూసుకుని, "మరైతే నానెందుకు కూకున్నాను మాస్టారూ, సీటీయే ఓటేసేస్తది కదా?" అంది. ఓటెయ్యకుండా లేచిపోతానంది. అదీ కుదరదని పక్కవాడు రూలు చదివాడు. అప్పుడా పిల్ల చర్చలో తన వంతు మొత్తం బిల్లును చీల్చి చెండాడి, పిడికిలి తెరిస్తే చూద్దుం కదా, చింతపిక్క ఉంది! సభలు ఎలా నడుస్తాయో ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. ఆ తర్వాతి వారం వాళ్ళే ఇంకో కన్నం కనిపెట్టారు. శాసనసభా పక్షంలో మూడింట రెండొంతుల మంది కలిసి ఇంకో పార్టీలో విలీనానికి ఒప్పుకుంటే సీట్లు పోవు. అయిదుగురిలో అంటే నలుగురు. మొదట్లో మూడో వంతు మంది చీలినా చెల్లేది, 2003లో 91వ సవరణ దాన్ని తీసేసింది. "ఒక్కడు పోతే దొంగ, నలుగురు పోతే విలీనమా?" అన్నాడొకడు. పెద్దల టీవీ చర్చల్లో ఇంత సూటి ప్రశ్న విన్న గుర్తు లేదు.

సొంత బిల్లు పెట్టొచ్చా అని కూడా అడుగుతారు. పెట్టొచ్చు. పార్లమెంటులో మంత్రులు కాని సభ్యులకు శుక్రవారం మధ్యాహ్నాలు ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చాక అలాంటి బిల్లుల్లో చట్టాలైనవి 14. చివరిది 1970లో. ఈ ముక్క చెప్పాక కూడా పిల్లలు సొంత బిల్లులు రాయడం మానలేదు, నది దాటితే పెట్రోలు రేటు ఎందుకు మారాలి అనేది వాళ్ళకు ఇష్టమైన బిల్లు. అటువైపు బళ్ళు ఇటొచ్చి ట్యాంకు నింపుకుని పోవడం రోజూ చూస్తారు కదా. పెట్రోలు మీద అమ్మకం పన్ను రాష్ట్రాల జాబితాలోది, ఇటువైపు సభ అటువైపు రేటును ముట్టుకోలేదు అని తెలిసేసరికి ఉసూరుమంటారు.

ఆట కొన్నాళ్ళు సాగాక పిల్లలకు బిల్లుల మీద ఆసక్తి తగ్గి ఆట రూళ్ళ మీదికి కన్ను పోతుంది. ఎర్ర చీటీ ఎత్తెయ్యాలి అంటారు. అది మంచి రోజు. ఈ దారిలో చాలా దూరం వెళ్ళిన ఆట ఒకటుంది. 1982లో పీటర్ సూబర్ అనే అమెరికన్ తత్వశాస్త్ర ప్రొఫెసర్ "నోమిక్" అని ఒకటి రాశాడు. అందులో రూలు మార్చడమే ఎత్తు. 101 నుంచి 116 దాకా మార్చరాని రూళ్ళు, 201 నుంచి 213 దాకా మార్చదగ్గవి. మొదట్లో ఏ మార్పుకైనా అందరూ ఒప్పుకోవాలి, రెండు చుట్లు అయ్యాక మామూలు మెజారిటీ చాలు. మార్చరానిదాన్ని మార్చదగ్గదిగా చెయ్యాలంటే మాత్రం ఎప్పుడైనా అందరూ ఒప్పుకోవాల్సిందే. (అందులోనూ పాయింట్ల కోసం పాచిక ఉంది. కానీ ఆటగాళ్ళు ఓటేసి దాన్ని తీసెయ్యొచ్చు, అందుకని సూబర్‌గారిని క్షమించాను.) మా పిల్లలు మార్చరానివిగా రెండే ఒప్పుకున్నారు: ఎవరినీ ఆటలోంచి గెంటకూడదు, ఓటు పిడికిలి మూసే వెయ్యాలి. సుప్రీంకోర్టులో 13 మంది జడ్జీలు కూర్చుని 1973 ఏప్రిల్ 24న 7-6తో, పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించొచ్చు గానీ మౌలిక స్వరూపాన్ని మార్చకూడదని చెప్పిన కేశవానంద భారతి తీర్పు ఆ తర్వాత చెప్తే, పదో తరగతి పిల్లకు కూడా ఇట్టే ఎక్కుతుంది. ముందే చెప్తే ఆవలింతలే.

సభ ఒకటుండాలా రెండా అనే గొడవ కూడా సరిహద్దు పిల్లలకు సహజంగా వస్తుంది. మాకు ఇక్కడ 147 మంది శాసనసభ ఒక్కటే. నది అవతల 175 మంది శాసనసభ, మీద 58 మంది మండలి. 2018లో ఒడిశా శాసనసభ మాకూ మండలి కావాలని తీర్మానించింది, రాలేదు. ఆంధ్రాలో 1985లో మండలి పోయింది, 2007లో తిరిగొచ్చింది, 2020 జనవరిలో వద్దని తీర్మానించారు, 2021 నవంబరులో ఆ తీర్మానం వెనక్కి తీసుకున్నారు. ఎవరు తీర్మానించినా చట్టం చెయ్యాల్సింది పార్లమెంటు. అసలు ఈ ఊరు ఏ రాష్ట్రంలో ఉండాలన్నదే ఒకప్పుడు ఎక్కడో బల్ల చుట్టూ తేలిన విషయం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఎస్టేటును చీల్చి కొంత ఇటు, మిగతాది మద్రాసు వైపు ఉంచారు.

బల్ల చుట్టూ లేనివాళ్ళ గురించి నాకు ఆలోచన పుట్టించింది మాత్రం గుమ్మ వైపు కుర్రాడు. అడవిలో చింతపండు ఏరడానికి పర్మిట్ ఉండాలనే బిల్లు ఏడు-రెండుతో నెగ్గితే, "మా ఊరు గ్రామసభ వద్దంటే?" అన్నాడు. గుమ్మ బ్లాకు అయిదో షెడ్యూలు ప్రాంతం, అంటే రాజ్యాంగం ప్రత్యేక ఏర్పాట్లు చేసిన గిరిజన ప్రాంతం. అక్కడ పార్లమెంటు చట్టమో రాష్ట్ర చట్టమో వర్తించదని గవర్నరు ప్రకటించొచ్చు, 1996 పెసా చట్టం (షెడ్యూలు ప్రాంతాల పంచాయతీల చట్టం) గ్రామసభకు కొన్ని అధికారాలిచ్చింది. ఊరికే కాగితం మీది మాట కాదు. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక నియమగిరి కొండల్లో గనుల తవ్వకం విషయంలో రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు కూర్చున్నాయి, పన్నెండూ వద్దన్నాయి. ఆ రోజునుంచి మా ఆటలో గ్రామసభ కార్డు వచ్చింది. ముగ్గురు పిల్లలు బల్లకు దూరంగా అరుగు మీద కూర్చుంటారు. వాళ్ళకు సభలో ఓటు లేదు. ఊరి భూమి, అడవి ముట్టుకునే బిల్లు నెగ్గితే మాత్రం అది అరుగు దాకా వెళ్ళాలి, వెళ్ళినవాళ్ళు నిలబడి వివరించాలి. మొదట్లో దాన్ని పనిష్మెంటు అనుకున్నారు, ఇప్పుడు అరుగు కోసం పోటీ పడుతున్నారు.

ఒక తండ్రి వచ్చి, పిల్లలకు బేరాలు, ఓట్లమ్ముకోవడం నేర్పుతున్నారు అన్నారు. నిజమే, చాక్లెట్‌కు చింతపిక్క ఇచ్చినవాడున్నాడు. నేను దాన్ని నిషేధించలేదు. ఆట చివర ఓటర్ల కార్డులు తెరిచి, తన ముగ్గురిలో ఇద్దరికి గిట్టుబాటైతేనే మళ్ళీ గెలిచినట్టు అనే రూలు ఉంది. చాక్లెట్ తిన్నవాడు ఎక్కువసార్లు ఓడిపోతాడు. ఒక్కోసారి గెలుస్తాడు కూడా. ఆయనకు ఈ జవాబు నచ్చలేదు, పిల్లవాణ్ణి మాత్రం మానిపించలేదు. బేరం తప్పు కాదు. మైకు గంట తగ్గిస్తే నీ పండగకు ఒప్పుకుంటా అనడమూ బేరమే, అది లేకపోతే ఏ చట్టమూ లేదు.

ఆట రాసినవాళ్ళ పక్షపాతం ఆటలో ఉండదా అంటే, ఉంటుంది. లిజీ మేగీ అనే అమెరికన్ మహిళ 1904లో పేటెంట్ తీసుకున్న "లాండ్‌లార్డ్స్ గేమ్" గుర్తుచేసుకోండి. భూమి అద్దెలు కొందరి దగ్గరే ఎలా పోగుపడతాయో చూపించాలని చేసింది, రెండు రకాల రూళ్ళు పెట్టింది, ఒకదాంట్లో ఒక్కడే అందరినీ దివాలా తీయిస్తాడు, రెండోదాంట్లో సంపద పెరిగితే అందరికీ వస్తుంది. మొదటిదే మోనోపోలీగా నిలబడింది, దాని చుట్టమే మన ఇళ్ళల్లో ఆడే "బిజినెస్". అందుకే నా ఆట రూళ్ళ కాగితం గోడకు అంటించి, కింద పెన్ను వేలాడదీశాను. నా పక్షపాతం ఎక్కడ కనిపిస్తే అక్కడ కొట్టెయ్యమని.

ఆ పెన్నుతో తాజాగా రాసింది గవర్నరు గురించి. మా ఆటలో గవర్నరు పిల్లవాడికి 200వ అధికరణం ప్రకారం ఆమోదించడం, ఆపి సభకు తిప్పి పంపడం, రాష్ట్రపతికి పంపడం అనే దారులున్నాయి. ఎప్పటిలోగా అనేది లేదు. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు గవర్నరు ఆపిపెట్టిన పది బిల్లుల కేసులో సుప్రీంకోర్టు గడువులు పెట్టింది. అదే ఏడాది నవంబరులో రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు జవాబిస్తూ అయిదుగురు జడ్జీల బెంచి, కోర్టు అలా గడువులు పెట్టలేదంది, అలాగని కారణం చెప్పకుండా ఎంతకాలమైనా నానబెట్టడానికీ వీల్లేదంది. ఇవి రెండూ విన్నాక పిల్లలు "గవర్నరు రెండు చుట్లలో కాగితం తిరిగివ్వాలి" అని రాసి ఎనిమిది-ఒకటితో నెగ్గించుకున్నారు. సంతకానికి గవర్నరు దగ్గరికి తీసుకెళ్తే వాడు చదివి, మడతపెట్టి, జామెట్రీ బాక్సులో వేసుకున్నాడు. రూళ్ళ మార్పుకు గవర్నరు సంతకం కావాలా వద్దా అన్నది గోడ మీది కాగితంలో ఎక్కడా లేదు. దాని మీదే రెండు శనివారాలుగా చర్చ నడుస్తోంది, కొత్త బిల్లు ఏదీ బల్ల మీదికి రాలేదు. నేను కల్పించుకోవడం లేదు. ఆ కాగితంలో నాకున్న పని గంట కొట్టడం ఒక్కటే.